నాలుగు వేళ్ళ ఎత్తు

మొన్న మార్కాపురం రోడ్డు స్టేషన్ దగ్గర ఒక పంతులు సైకిల్ తొక్కుకుంటూ పోతుంటే చూసి నాకు ఒళ్ళు మండింది. సీటు అడుగంటా దించుకున్నాడు. తొక్కినప్పుడల్లా మోకాళ్ళు రొమ్ము దాకా లేస్తున్నాయి. "ఓ పంతులూ, ఆగు ఆగు" అని ఆపి, "నొప్పి కుడి మోకాలికా, ఎడమ మోకాలికా?" అని అడిగాను. ఆయన బిత్తరపోయాడు. "కుడి దానికి. నీకెట్ల తెలుసు పెద్దాయనా?" అన్నాడు. ఎట్లా తెలుసో చెప్పడానికి నా రైలు వచ్చేలోపల వ్యవధి చాల్లేదు. అందుకని ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. చదివి బాగుపడితే సంతోషం. లేకపోతే మీ మోకాలు, మీ ఇష్టం.

నా పేరు దేవదానం. మద్రాసు రాజధాని రోజుల్లో నేను టీకాలు వేసే ఉద్యోగిని. అప్పుడు మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. టీకా మందు చిన్న చిన్న గాజు గొట్టాల్లో మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. దాన్ని తడిగుడ్డలో చుట్టి, ఎండ ముదరకముందే దోర్నాల దారిలోని ఊళ్ళకు చేర్చి, పిల్లల చేతులకు వేయాలి. ఎండాకాలంలో మందు వేడెక్కిందా, ఇక అది వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. ఎండాకాలంలోనే కదా అమ్మవారు పోసేది! అందుకే సైకిల్ తొక్కగలిగిన వాడికే ఆ పని అని పై అధికారులు తేల్చి చెప్పారు.

మేము పల్లె మనుషులం, అంటే ఊరికి వెలుపల ఉండే క్రైస్తవులం. మా నాయన యోహాను ఊళ్ళో పెదరెడ్డి ఇంట జీతగాడు. తెల్లవారక ముందే పోయి వాళ్ళ దొడ్లో పేడ ఎత్తేవాడు. మా తాత చేసిందీ అదే. నేను మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. మా పల్లెలో మొదటి సర్కారు ఉద్యోగం నాదే. నా భార్య సువార్తమ్మ, మా ఇద్దరు ఆడపిల్లలు, మా నాయన, అందరూ ఆ సైకిల్ వంక చూసుకొని బతికేవాళ్ళం. కాలు పోతే సైకిల్ పోతుంది. సైకిల్ పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నేనూ ఆ దొడ్లోకే. మోకాలు నొచ్చిన ఆరు నెలలూ నా తలలో తిరిగిన లెక్క ఇదొక్కటే.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మా పల్లె నుంచి మార్కాపురం పోవాలన్నా, దోర్నాల పోవాలన్నా రెడ్ల వీధి గుండానే బండిబాట. ఆ వీధి మొదటి అరుగు రాగానే మా వాళ్ళు చెప్పులు చేత పట్టుకునేవారు. సైకిల్ వచ్చాక దానికీ అదే మర్యాద వచ్చింది. దిగాలి, నెట్టుకుంటూ పోవాలి, వీధి దాటాక ఎక్కాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. అయినా అందరికీ తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు పెదరెడ్డి ఎద్దుల్ని తోలుకుంటూ సందులోంచి ఉన్నట్టుండి ఎదురొచ్చాడు. నేను గబుక్కున దిగబోయాను. పంచె కొంగు సీటుకు తగులుకుంది. సైకిలూ నేనూ కలిసి ఆయన కాళ్ళ ముందు పడ్డాం. ఆయన తెల్లటి పంచె నిండా దుమ్ము. ఆయన నన్ను చూడలేదు. దొడ్డి వాకిట్లో నిలబడ్డ మా నాయనను చూశాడు. "యోహానూ, నీ కొడుక్కు నేల కనపడ్డం లేదే!" అన్నాడు. మా నాయన పరుగెత్తుకొచ్చి, నన్ను లేపకుండా ముందు ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన అన్న మాట ఇది: "సీటు దించుకో అబ్బాయ్. రెండు కాళ్ళూ నేలకానాల. పెద్దోళ్ళు కనపడంగానే టక్కున దిగేటట్టు ఉండాల." సిగ్గుతో నాకు తల ఎత్తాలని లేదు. పానా అడిగి తెచ్చుకొని, సీటు గొట్టం పూర్తిగా లోపలికి దించి, నా చేతులతో నేనే బిగించాను. నాలుగు వేళ్ళంత దిగింది. ఆ నాలుగు వేళ్ళే నా ప్రాణం తోడేశాయి.

జనవరి

నొప్పి రెండో ఏడు చలికాలంలో మొదలైంది. దోర్నాల దారిలో నల్లమల దగ్గరయ్యేకొద్దీ బాట ఎత్తుగా ఉంటుంది. అక్కడ లేచి నిలబడి తొక్కేవాణ్ణి. దిగి నెట్టుకుంటూ పోవడం నామోషీ అనిపించేది. అప్పటికే రోజంతా ప్రతి ఊళ్ళో ఏదో ఒక అరుగు ముందు దిగి నెట్టేవాణ్ణి కదా, ఎవరూ లేని అడవి దారిలో కూడా దిగాలా అని పౌరుషం. ఒకరోజు ఆ ఎత్తులో కుడి మోకాటిచిప్ప కింద చురుక్కుమంది. ముల్లేమో అనుకొని పంచె ఎత్తి చూశాను. ఏమీ లేదు.

ఆదివారం గుళ్ళో చాప మీద కూర్చొని లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. పక్కాయన భుజం పట్టుకొని లేచాను. మెట్లు దిగుతుంటే చిప్ప కింద ఇసుక నలిగినట్టు చప్పుడు. సువార్తమ్మ చూసింది. "ఏందది, కుంటుతన్నావు?" అంది. "తిమ్మిరి" అన్నాను. అదే మొదటి అబద్ధం. ఆ తరువాత ఎన్ని ఆడానో నాకే తెలియదు.

మార్చి

మోకాలు వాచింది. సువార్తమ్మ ఆముదం రాసి, వావిలాకు వేడిచేసి కట్టేది. పొద్దున్నే కాస్త తేలికగా ఉండేది. రెండు ఊళ్ళు తిరిగేసరికి మళ్ళీ మామూలే. అన్నిటికన్నా కష్టం దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు. ఆగిన సైకిల్‌ను కదిలించాలంటే కుడికాలితో ఒక్క తొక్కు బలంగా తొక్కాలి కదా, ఆ ఒక్క తొక్కుకు కళ్ళ ముందు చీకట్లు కమ్మేవి. ఊరికి రెండు వీధులు, రోజుకు నాలుగైదు ఊళ్ళు. ఎన్ని తొక్కులో మీరే చూసుకోండి.

అప్పుడే కబురు వచ్చింది. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వానలకు ముందే జూన్‌లో ఒక్కొక్క టీకాల వాడి వెంట ఒకరోజు సైకిల్ మీద తిరిగి చూస్తాడు, తిరగలేని వాణ్ణి తీసేస్తాడు అని. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. పిల్లలు ఆడుకుంటూ కాలికి తగిలితే కసురుకునేవాణ్ణి. పెద్దమ్మాయి నా దగ్గరికి రావడం మానుకుంది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధ.

నాయన ఊరుకోలేదు. గొడ్లకు వాతలు పెట్టే మనిషిని పిలుచుకొచ్చాడు. "ఎద్దు కాలు పట్టుకుంటే ఒక్క వాతతో లేచి నడుస్తాది. నువ్వు మనిషివి, నీకు పనిచెయ్యదా?" అన్నాడు నాయన. ఇంటి ముందు నిప్పు వేశారు. అందులో ఇనుప కమ్మీ ఎర్రబడుతోంది. నిజం చెప్పాలంటే, కాలితే కాలనీ, ఏదో ఒకటి తేలిపోతుందని కాలు చాపి కూర్చున్నాను. నాయన నా భుజాలు గట్టిగా పట్టుకున్నాడు.

సువార్తమ్మ బావి దగ్గర్నుంచి వస్తూ ఇది చూసింది. నెత్తిన ఉన్న నీళ్ళకడవ దించి, దించడమేంటి, నిప్పు మీద కుమ్మరించింది. పొగ, బూడిద మా అందరి మీదా లేచాయి.

"వారంలో అది పుండైతే సైకిల్ ఎవరు తొక్కుతారు మామా? నువ్వు తొక్కుతావా?" అని అరిచింది.

"పెద్దోళ్ళ ముందర ఏందా నోరు?" అన్నాడు నాయన.

"నోరుంది గాబట్టే కాలు మిగిలింది. ఏమయ్యా, నువ్వు లెయ్. ఆస్పత్రికి పోదాం."

మూడు రోజులు ఆ ఇంట్లో మామా కోడలూ మాట్లాడుకోలేదు. నేను మధ్యలో కూర్చొని మోకాలు నిమురుకున్నాను. మగవాణ్ణి అని పేరే గానీ, ఆ రోజు ఆమె రాకపోతే నాకు కాలేదో కట్టెపుల్లేదో తెలిసేది కాదు.

ఏప్రిల్

గిద్దలూరు వైపు రైలెక్కి ఒక ఆసుపత్రికి పోయాము. పేరెందుకు లెండి. జ్వరమని చెప్పి సెలవు పెట్టాను. రైలు దిగినప్పటి నుంచీ తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాను. టీకాల దేవదానం కుంటుతున్నాడని ఒక్కరు చూసినా చాలు, మాట మార్కాపురానికి నాకంటే ముందు చేరుతుంది.

వసారాలో బల్లల మీద జనం. నాకు దొరికిన చోట కాలు చాపే వీలు లేదు. మడిచి కూర్చుంటే ఘడియకే మోకాలు రంపంతో కోసినట్టుంది. పక్కన అర్ధవీడు వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి ముసలమ్మ ఉంది. ఆమె పెనిమిటికి గొడ్డలి తగిలి లోపల కుట్లు వేస్తున్నారు. నా ముఖం చూసి తన మూట నా ముందుకు జరిపింది.

"దాని మింద పెట్టు కాలు నాయనా."

అందులో రొట్టెలున్నాయని వాసనకే తెలుస్తోంది. "వద్దమ్మా. మేము పల్లె వాళ్ళం" అన్నాను, ముందే చెప్పడం మంచిదని.

"నేనడిగిందీ నీ కాలు గురించి. నువ్వు చెప్పేది ఇంగేందో. పెట్టు పెట్టు" అంది. నేను పెట్టే దాకా ఊరుకోలేదు. మధ్యాహ్నం ఆ మూటలోంచే జొన్నరొట్టె తీసి, తలా కాస్త తుంచి సువార్తమ్మకూ నాకూ పెట్టింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. నా భయంలో నేనున్నాను. లోపలికి పిలిచి, ఈ కాలు ఇక పనికిరాదని కాగితం మీద రాసిస్తే ఏం చేయాలన్నదే ఆలోచన. సువార్తమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. నాకు ప్రార్థన కూడా రాలేదు.

డాక్టరమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కాలు వంచింది, చాపింది, చిప్ప మీద వేలితో నొక్కింది. నా ప్రాణం పైకి పోయింది. "కూర్చొని లేస్తే ఎక్కువా? మెట్లు దిగితే? ఎత్తు ఎక్కితే?" అన్నిటికీ అవునన్నాను. "తొడ చూసుకున్నారా ఎప్పుడైనా?" అంది. చూసుకున్నాను. కుడి తొడ ఎడమదానికంటే సన్నబడి ఉంది. నొప్పికి భయపడి ఆ కాలిని కాచుకుంటూ వచ్చాను కదా, అది బలం పోగొట్టుకుంది.

"ఎముక బాగానే ఉంది" అంది ఆమె. ఆ మాటకు సువార్తమ్మ బొటబొటా ఏడ్చింది. "మూడు వారాలు సైకిల్ ఎక్కొద్దు. బల్ల మీద కూర్చొని కాలు నిటారుగా చాపి, పట్టి ఉంచి, మెల్లగా దించండి. రోజుకు మూడు పూటలు. ఇంకొకటి. మీ సైకిల్లోనే ఏదో ఉంది. అదే రోజూ మీ మోకాలిని కొడుతోంది. నాకు సైకిళ్ళు తెలియవు, తెలిసినవాళ్ళకు చూపించండి."

మూడు వారాలు! పై అధికారులకు మళ్ళీ జ్వరమనే రాశాను. కాలు చాపి ప్రభువు ప్రార్థన చెప్పుకునేవాణ్ణి, అది అయ్యేదాకా పట్టి ఉంచాలని. మొదట్లో సగం ప్రార్థనకే కాలు గజగజ వణికి పడిపోయేది. చిన్నమ్మాయి ఎదురుగా కూర్చొని, "నాయనా, ఆమెన్ రాలే ఇంకా" అని నవ్వేది. మూడో వారానికి ఆమెన్ దాకా పోయాను. మరుసటి రోజు రెండుసార్లు చెప్పాను.

మే

మార్కాపురంలో ఖాసిం సాయిబు సైకిల్ దుకాణం. ఆయనకు నోరెక్కువ, పని ఇంకా ఎక్కువ. సైకిల్‌ను గోడకు ఆనించి నన్ను ఎక్కమన్నాడు. "చెప్పు తీసెయ్. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కు" అన్నాడు. తొక్కాను. పెడల్ అడుగుకు పోయినా నా మోకాలు ఇంకా వంగే ఉంది.

"అరె దేవదానం భాయ్! ఇది సైకిల్ తొక్కుడా, గుంజిళ్ళు తీసుడా? పొద్దుగూకులూ గుంజిళ్ళు తీస్తే మోకాలు ఉంటాదా?"

సీటు పైకి లాగాడు. కొంచెం లేపడం, నన్ను ఎక్కించడం, మళ్ళీ లేపడం. మడమతో తొక్కితే కాలు నిటారుగా కావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందరి భాగంతో తొక్కితే మోకాలు పిసరంత వంగి ఉంటుంది. అదీ కొలత. తుంటి అటూ ఇటూ ఊగితే ఎక్కువైనట్టు. చివరికి బిగించి, గొట్టం మీద చేయి పెట్టి చూపించాడు. సరిగ్గా నాలుగు వేళ్ళు. నేను దించింది ఎంతో, అంతే.

"ఎవడు చెప్పినాడు దించమని?" అన్నాడు.

నేను సైకిల్‌ను గోడ దగ్గర్నుంచి తీసుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ ఊళ్ళ సంగతి ఆయనకు తెలియనిదేమీ కాదు. "ఆగినప్పుడు రాయో గట్టో చూసుకొని కాలు పెట్టు. అక్కణ్ణుంచే ఎక్కు, మొదటి తొక్కు తేలిగ్గా పోతాది. ఎత్తు వస్తే దిగి నడువు, షరమ్ పడొద్దు, అందులో సిగ్గేముంది" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వస్తే నాయన సీటు వంకే చూశాడు.

"దించురా."

"దించను నాయనా."

"కాళ్ళు నేలకానేది లేదు. ఆ వీధిలో ఎట్ల దిగుతావు?"

"నొప్పి తగ్గాలంటే ఇట్లనే ఉండాల. ఇన్‌స్పెక్టరు ముందర కుంటితే ఉద్యోగం పోతాది."

"రెడ్డితో పెట్టుకుంటే మనం ఊళ్ళోంచే పోతాం. అది తెల్దా నీకు?"

నాయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఆ పూట ముద్ద ముట్టలేదు. నేనూ తినలేదు. సువార్తమ్మ రెండు కంచాలూ తీసి మూత పెట్టింది.

నేను ఒక దొంగదారి కనిపెట్టాను. ఊరు చుట్టి వాగు ఇసుకలో సైకిల్ నెట్టుకుంటూ పోయి అవతల బాట ఎక్కేవాణ్ణి. రెడ్ల వీధి తప్పింది, సీటు దించే పని తప్పింది. మోకాలు రోజురోజుకూ తేలికపడింది. వాపు పోయింది. కానీ ఇన్‌స్పెక్టరుతో పోయే రోజు వాగులోంచి పోలేను కదా. మే నెలంతా ఆ ఒక్క రోజు నా గుండె మీద కూర్చుంది.

జూన్

ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు మనిషి, సన్నగా, చురుగ్గా ఉన్నాడు. స్టేషన్ దగ్గర మందు గొట్టాలు తీసుకొని తడిగుడ్డలో చుట్టుకున్నాము. బయలుదేరే ముందు ఆయన నా కాలి వంక చూస్తూ, "కాలు బాగాలేదని విన్నాను. ఏప్రిల్‌లో జ్వరం అని రాశారు" అన్నాడు. ఎవరు చేరవేశారో! "తొక్కుతాను సార్, చూడండి" అన్నాను.

మా ఊరు దగ్గరయ్యేకొద్దీ మోకాలి సంగతి మరిచిపోయాను. దిగితే ఆయన చూస్తాడు. ఎత్తు సీటు మీంచి తడబడి దిగి, మళ్ళీ ఎక్కడానికి ఇబ్బంది పడితే, కాలు పోయిందని అక్కడే రాసుకుంటాడు. దిగకపోతే రెడ్డి. మొదటి అరుగు కనపడింది. పెదరెడ్డి అరుగు మీదే కూర్చొని ఉన్నాడు. కింద మా నాయన, చేతిలో పలుపుతాడుతో.

నేను బ్రేకు మీద చేయి వేశాను. ముందు పోతున్న ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి, "ఆగకండి, మందు వేడెక్కుతుంది" అన్నాడు. ఆయనకేం తెలుసు?

నాయన ముఖం చూశాను. పలుపు రెండు చేతులతో గట్టిగా పట్టుకొని ఉన్నాడు. వద్దని తల ఊపుతాడేమో, దిగమని కళ్ళతో బతిమాలుతాడేమో అని చూశాను. ఆయన కళ్ళు నేలకేసి దించుకున్నాడు, అంతే. నేను ఒక చేయి హ్యాండిల్ మీదే ఉంచి, రెండో చేయి నుదుటికి తాకించి, తొక్కుకుంటూ పోయాను. వీధి చివరిదాకా నా వీపు మంటెక్కుతూనే ఉంది. వెనకనుంచి ఒక్క మాటా రాలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నాలుగు ఊళ్ళు తిరిగాము. ఎత్తు వచ్చినచోట నేనే దిగి నడిచాను. ఇన్‌స్పెక్టరు కూడా దిగి, "మంచి పని, ఇలాంటిచోట తొక్కితే మోకాళ్ళు పాడవుతాయి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం పుస్తకంలో నా పేరు ఎదురుగా ఏదో రాసి, "బాగా తొక్కుతున్నారు" అన్నాడు. ఉద్యోగం నిలిచింది.

ఇంటికి వచ్చేసరికి నాయన లేడు. "రెడ్డి పిలిపించినాడు" అంది సువార్తమ్మ. పల్లె మొదట్లో నిలబడి బాట వంక చూస్తూ ఉన్నాను. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మామూలు నడకే. కాళ్ళు కడుక్కున్నాడు.

"ఏమన్నాడు నాయనా?"

"ఏమంటాడు? ఏం లేదు. అమ్మా సువార్తా, సంగటి పెట్టు." రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే, "సీటు అట్లనే ఉండనీ. దించొద్దులే" అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. మార్కాపురం పోయి ఖాసిం సాయిబుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ రోజు నుంచి దొంగదారి మాని, వీధిలోనే తొక్కుకుంటూ పోయేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడ పంతులు లాంటి వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పేస్తాను. మడమతో కొలిచి సీటు లేపుకోండి. లేపిన రోజే పది ఊళ్ళు తిరగకండి, కొద్ది కొద్దిగా పెంచుకోండి. ఎత్తులో దిగి నడవడం తప్పు కాదు. చురుక్కుమన్న రోజే ఆగండి, నాలాగా మూడు నెలలు తిమ్మిరి అని అబద్ధాలాడకండి. వాతల మనిషి కనపడితే మా సువార్తమ్మను తలచుకోండి. కాలు చాపి పట్టే సాధన నేను నేటికీ మానలేదు. నా మోకాలు నేటికీ నాకు చెప్పినట్టు వింటుంది.

ఆ తరువాత

జబ్బు కథ అక్కడితో అయిపోయిందని రెండేళ్ళు అనుకున్నాను.

ఆ రెండేళ్ళూ నేను పొద్దున్నే వీధిలో పోయేటప్పుడు నాయన కనపడేవాడు. రెడ్డి అరుగుకు ఎదురుగా, బాట పక్కన ఒక పెద్ద పలకరాయి పడి ఉండేది. దాని పక్కన నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, అరుగు వైపు వంగి దణ్ణం పెట్టేవాడు. లేచి, మళ్ళీ వంగేవాడు. ముసలితనం, చాదస్తం అనుకున్నాను. ఒకసారి చిరాకు పడి, "ఎందుకు నాయనా అన్నన్ని దణ్ణాలు? ఒకటి చాలదా?" అన్నాను కూడా. "అలవాటు లేరా" అన్నాడు.

వానాకాలంలో జ్వరం తగిలి నాయన పోయాడు. ఎనిమిది రోజుల తరువాత నేను మళ్ళీ పనికి బయలుదేరాను. వీధిలో పోతుంటే అరుగు మీంచి పెదరెడ్డి పిలిచాడు.

"దేవదానం, ఆగు."

ఆగాను. ఒక కాలు పలకరాయి మీద ఆనించాను.

"మీ నాయన మంచోడు. పోయినాడు పాపం" అన్నాడు. మళ్ళీ, "ఇంగ నీ దణ్ణం ఎవరు పెడతారప్పా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఆ జూన్ సాయంత్రం నాయన ఆ అరుగు ముందు నిలబడి, "వాడు దిగితే కాలు పోతాది దొరా. వాని దణ్ణం గూడా నేనే పెడతా. రోజూ రెండు పెడతా, వాణ్ణి పోనీ" అన్నాడట. అన్నమాట ప్రకారం రెండేళ్ళు పెట్టాడు. నడుము నొప్పితో లేవలేని రోజుల్లో కూడా కర్ర పట్టుకొని నేను పోయే వేళకు వచ్చి నిలబడ్డాడు. నేను తలెత్తి తొక్కుకుంటూ పోయాను. పైగా విసుక్కున్నాను.

రెడ్డి ఏం జవాబు కోసం ఎదురుచూశాడో నాకు తెలియదు. ఆ రాయి మీంచే పెడల్ ఎక్కి వెళ్ళిపోయాను. ఊరు దాటాక సైకిల్ ఆపి, బాట పక్కన కూర్చొని ఏడ్చాను. తడిగుడ్డలో మందు ఉందని గుర్తొచ్చి మళ్ళీ లేచాను.

మర్నాటి నుంచి నేను ఆ పలకరాయి దగ్గర దిగుతున్నాను. సీటు ఎత్తుగానే ఉంటుంది. మెల్లగా రాయి మీద కాలు పెట్టి దిగుతాను, తలగుడ్డ తీస్తాను, నాయన నిలబడిన చోటే నిలబడి, నాయనకు ఒక్కసారి వంగి, మళ్ళీ ఎక్కుతాను. అరుగు మీద కూర్చున్న రెడ్డి అది తనకే అనుకునేవాడు. అనుకోనీ అని ఊరుకున్నాను. ఇప్పుడు రెడ్డీ లేడు, ఆ అరుగూ లేదు. నేను ఇప్పటికీ దిగుతాను.